మొద్దు కట్టిన మోటారు సైకిలు

మా ఇంట్లో ఆముదం సీసా పెట్టెలో ఉండేది. పెట్టెకి తాళం, తాళంచెవి నా మొలలో. దీపానికి ఎంత, తలకి ఎంత, ఎడ్ల మెడపట్టెడలకి ఎంత అని నేనే గరిటతో కొలిచి పోసేదాన్ని. నన్ను పిసినారి అన్నారు. అననీ. ఇప్పుడు నా కోడళ్ళూ అంటున్నారు, వాళ్ళనీ అననీ. కానీ ఆ చైత్రమాసంలో ఆముదం విషయంలో నా మాట సాగి ఉంటే మాకు ఒక పగలంతా మిగిలేది. ఆ పగలు కోసం నేను పడ్డ యాతన నాకే తెలుసు.

అప్పట్లో మేము అనంతగిరి దాటాక అరకు వైపు పోయే బండిదారి పక్కన ఒక కాఫీ తోటలో ఉండేవాళ్ళం. మా ఆయన ఆ తోటకి లెక్కలు రాసే రైటరు. మేనత్త కొడుకునే చేసుకున్నాను కాబట్టి ఆయన్ని చివరిదాకా బావా అనే పిలిచాను. మాది కొండ కింద, కోట అనే ఊరి దగ్గర, మెరక పొలాల పల్లె. తోట దొర కాఫీ చెట్లకి తెగులు పట్టి, మనసు విరిగి తన దేశం వెళ్ళిపోయాడు. పోతూ, బావకి నడపడం నేర్పిన తన ముసలి మోటారు సైకిలుని, ఒక డబ్బా పెట్రోలుతో సహా కొట్టంలో వదిలేశాడు. దానికి పక్కన ఒక వెదురు బుట్ట, బుట్ట కింద ఒక చక్రం. దొరసాని అందులో కూర్చుని షికారు వెళ్ళేదట. నేను అందులో కోళ్ళని పొదగేసేదాన్ని.

ఒకరోజు తెల్లవారే వేళ మా గుంట, నా కూతురు, పెరట్లో కూర్చుని బూడిదతో పళ్ళు తోముకుంటోంది. దానికి ఆరో ఏడు నడుస్తోంది. కాఫీ మొక్కల్లోంచి ఒక నక్క వచ్చింది. నక్క మనిషిని చూస్తే పారిపోవాలి. ఇది పారిపోలేదు. తిన్నగా నడిచి వచ్చి గుంట బుగ్గ పట్టుకుంది, తరవాత భుజం పట్టుకుంది. నేను దంపుడు రోకలితో దాని నడుం విరగ్గొట్టి, తల పగలగొట్టాను. చచ్చాక చూశాను, దాని మూతి నిండా చొంగ, నురగ.

గాయాలు కుంకుడు రసంతో కడిగాను, దొర వదిలి వెళ్ళిన మందునీళ్ళతో బావ మళ్ళీ కడిగాడు. గుంట అరుపులకి కొండ మారుమోగింది. నేను ఏడవలేదు. నా కళ్ళ ముందు వేరే మనిషి కనిపిస్తున్నాడు. చిన్నప్పుడు మా ఊళ్ళో ఒకాయన్ని పిచ్చికుక్క కరిచింది. కొన్ని వారాలు మామూలుగానే తిరిగాడు. తరవాత ఒకనాడు వాళ్ళావిడ చెంబుతో నీళ్ళు ఇస్తే, ఆ చెంబుని చూసి గొంతు బిగుసుకుపోయి కేకలు పెట్టాడు. ఆ కేకలు మా ఇంటికి వినిపించాయి. మర్నాటికి వినిపించలేదు.

"పట్నంలో పెద్దాస్పత్రిలో బొడ్డు సుట్టూ సూదులు పొడుత్తన్నారట," అన్నాడు బావ. "దొర సెప్పేడు. అది నీల్లకి జడవక ముందే పొడవాల. ఒకసారి జడిసిందా, మరేటీ నేదు. ముకం మీద కరిసింది కదే, ఇసం తలకి దగ్గిర. బేగి ఎల్లాల."

నేను గూడేనికి పరిగెత్తాను. డోలీ కట్టి మోయడానికి నలుగురు మగవాళ్ళు కావాలి. గూడెంలో ఒక్క మగవాడు లేడు. ఇటుకల పండగ రోజులవి. విత్తనం వేసే ముందు మగవాళ్ళందరూ విల్లంబులు పట్టుకుని అడవికి వేటకి పోతారు. మెకం పడితేగాని ఊళ్ళోకి రారు. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు కొడతారు. ఊరి బళ్ళు ఉన్నాయి గానీ, ఎడ్లని అడవి మేత నుంచి తోలుకొచ్చేవాళ్ళు లేరు. గూడెం పెద్దావిడ నా మొహం చూసి తన మొహం తిప్పుకుంది.

"మగోల్లు ఎవులూ నేరు తల్లీ. మందులిచ్చే మా గురువు కూడా ఏటకే పోనాడు. ఎప్పుడొస్తారో కొండకే తెలవాల."

గుంటని ఎత్తుకుని నడిస్తే కోటకి రెండు మూడు పగళ్ళు. మధ్యలో చీకటి పడితే ఆ అడవిలో ఆగే చోటు లేదు. ఆ ఏడు పెద్దపులి భయం కూడా ఉంది. మోటారు సైకిలు నడిస్తే ఒక్క పగట్లో పట్నం చేరవచ్చు. నడిస్తే.

బావ కొట్టం తలుపు తీశాడు. నేను కోడిపెట్టని గుడ్లతో సహా దించేశాను.

ఇంజను తిరిగింది. అది మా అదృష్టం అనుకున్నాం. తిరిగిన కాసేపటికే బుట్ట అంచు మీద వెదురు రాజుకుని పొగ వచ్చింది. ఇంజను నుంచి వెనక్కి పోయే పొగగొట్టం వంపు దగ్గర నిలువునా చీలిపోయి ఉంది. దాని చివర ఉండే సైలెన్సరు డబ్బా కొట్టం కారి, ఏడాది వానలకి తుప్పు తిని జల్లెడ అయింది. చీలికలోంచి నీలం మంట నాలుక బయటికి వచ్చి తిన్నగా బుట్టని నాకుతోంది. నా బిడ్డని కూర్చోబెట్టాల్సిన బుట్ట అది.

"గొట్టం కట్టాల," అన్నాడు బావ.

కిరసనాయిలు డబ్బా కత్తిరించి ఆ రేకుని వంపు చుట్టూ చుట్టి, తీగతో బిగించాడు. రేకు సందుల్లోంచి మంట ఇంకా వస్తూనే ఉంది. నేను పుట్టమన్ను తవ్వి తెచ్చాను. పొయ్యికి పూత ఎలా పూస్తామో అలాగే. పుట్టమన్ను, చోడి పొట్టు, కాస్త ఉప్పు. గూడెం పెద్దావిడ వచ్చి చూసి, వెంటనే వెనక్కి వెళ్ళి గుప్పెడు మేకబొచ్చు తెచ్చి అందులో కలిపింది. ఇప్పసారా కాచేటప్పుడు కుండ మీద కుండ బోర్లించి ఆవిరి పోకుండా వాళ్ళు మూతికి అలాగే మెత్తుతారు. రేకు మీద బొటనవేలి మందాన పూశాం. సైలెన్సరు డబ్బాకి గుడ్డ చుట్టి దాని మీదా పూశాం.

పొయ్యిని కొత్తగా పూస్తే పూట ఆరనివ్వాలి. తరవాత చితుకులతో సన్నగా మంట పెట్టి కాల్చాలి. ఒక్కసారి పెద్ద మంట పెడితే పగులుతుంది. ఇది నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. కానీ గుంట లోపల మూలుగుతోంది. ఆ మూలుగు వింటూ మన్ను ఆరడానికి ఎవరు కూర్చుంటారు?

"తిప్పి సూత్తాను," అన్నాడు.

"ఆరనేదు బావా. పగిలిపోద్ది."

"పగిల్తే పగుల్తాది. ఎంతసేపు కూకుంటావు?"

తిప్పాడు. పచ్చిమన్ను ఉడికి, ఉబ్బి, పెంకులు పెంకులుగా రాలి కింద పడింది. ఒక పెంకు నా కాలి మీద పడి బొబ్బ ఎక్కింది. మళ్ళీ మన్ను తవ్వాను. ఈసారి పూశాక ఇద్దరం చెరో పక్కా కూర్చుని విసనకర్రలతో విసిరాం. తరవాత చితుకులు పెట్టి సన్నగా కాల్చాం. పొద్దు వాలిపోయింది. ఈ వేళకి నడిచి వెళ్ళిపోయినా అనంతగిరి దాటి ఉండేవాళ్ళం అని నా మనసులో లెక్క వేసుకుంటున్నాను. ఆయన కూడా అదే లెక్క వేస్తున్నాడని తెలుస్తోంది.

మన్ను చల్లారే లోపల బ్రేకు సంగతి చూద్దామన్నాడు. ముందు చక్రానికి సైకిలుకి ఉన్నట్టే రబ్బరు ముక్కలు ఉండేవి. అవి రాయిలా అయిపోయి పట్టు వదిలేశాయి. అసలు బ్రేకు వెనక ఉంది. వెనక చక్రం పక్కన ఇనప గాడి ఉంటుంది. కాలితో నొక్కితే ఆ గాడిలోకి ఒక దిమ్మ వచ్చి ఒరుసుకుంటుంది. ఆ రాపిడికి చక్రం ఆగాలి. ఆ దిమ్మ అరిగి అరిగి వేలి గోరంత మిగిలింది. అనంతగిరి ఘాట్ దిగాలంటే అది కావాలి. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ.

ఇంట్లో ఉన్న మందపాటి తోలు ఒక్కటే, కిందటేడు గాలికుంటుకి చచ్చిన మా ఎడ్ల మెడపట్టెడ. మువ్వలు ఊడదీసి, తోలుని ముక్కలు కోసి, పొరలు పొరలుగా పేర్చి, మేకులు కొట్టి దిమ్మ చేశాడు. చక్కగా చేశాడు, ఆయన చేతిలో పనితనం ఉంది. చేసి నా వైపు చెయ్యి చాపాడు.

"ఆముదం ఇయ్యి."

"దేనికి?"

"తోలుకి నూని పెట్టకపోతే పెలుసుబారి విరిగిపోద్దే. మా అయ్య సోమారం సోమారం పట్టెడలకి రాసీవోడు."

"రాయడానికి గరిటెడు సాలు."

"గరిటెడేటి, మందు కొలిసినట్టు! నానబెట్టాల. రేపు కొండ దిగాల."

"సీసాడు నూని తోలుకి తాగిస్తావా? ఆస్పత్రిలో దీపానికి ఏటి పొయ్యాల?"

"ఒలే, గుంట కన్నా నూని ఎక్కువా నీకు?"

ఆ మాట అన్నాక ఏ తల్లి తాళంచెవి దాచుకుంటుంది? విసిరేశాను. ఆయన సీసా అంతా మూకుడులో ఒంపి దిమ్మని అందులో ముంచాడు. నేను నూనె పోతోందని తిట్టుకున్నాను. ఒరుసుకుంటేనే ఆగేదానికి నూనె ఎందుకు అని మాత్రం నాకు తట్టలేదు. ఆయనకీ తట్టలేదు. తోలు చేతికొస్తే ఆముదం రాయడం మా రెండిళ్ళలోనూ తాతల నాటి నుంచి ఉన్న పని. చెప్పులకి రాశాం, పట్టెడలకి రాశాం, కాడి పలుపులకి రాశాం. తోలు కనిపిస్తే చెయ్యి దానంతట అదే నూనెలోకి పోతుంది.

మర్నాడు పొద్దున్నే ఇంజను తిప్పితే మన్ను పగల్లేదు. మంట బయటికి రాలేదు. దడదడమని కొండలదిరే మోత కూడా పోయి, ముసలివాడు గురక పెట్టినట్టు అయింది. నా ప్రాణం లేచి వచ్చింది. బావ ఒక్కసారి బ్రేకు చూసుకుని బయలుదేరదామని, బంగళా నుంచి కాఫీ కళ్ళం దాకా ఉన్న పల్లంలో ఒంటరిగా దిగాడు. నేను గుంటని చంకలో పెట్టుకుని, మూట కట్టుకుని నిలబడ్డాను.

సగం పల్లంలో కాలు నొక్కాడు. నాకు పై నుంచి కనిపిస్తోంది. కాలు మొత్తం బలం పెట్టి నొక్కుతున్నాడు. బండి ఆగలేదు. ఆగకపోగా ఇంకా వేగంగా, వెన్నముద్ద మీద వేలు జారినట్టు జారిపోయింది. కాఫీ ఎండబెట్టే కళ్ళం గోడని గుద్దుకుని పడింది.

నేను పరిగెత్తాను. ఆయన మోకాలి చిప్ప మీద తోలు ఊడిపోయింది. అది చూసుకోలేదు. చక్రం గాడిలో వేలు పెట్టి తీసి, ఆ వేలిని నాకు చూపించాడు. వేలి నిండా ఆముదం.

ఆ తరవాత ఆ తోలుని బూడిదలో పొర్లించాడు. నిప్పు మీద పట్టాడు. సున్నంలో రుద్దాడు. నూనె తాగిన తోలు తాగుబోతులాంటిది, ఎంత కడిగినా వాసన వదలదు. మధ్యాహ్నం అయింది. బావ గోడకి జారగిలబడి ఏడ్చాడు. ఆ మనిషి ఏడవడం అంతకు ముందు నేను చూడలేదు.

"సంపేసినాను," అన్నాడు. "నా సేత్తో నానే గుంటని సంపేసినాను."

ఓదార్చడం నాకు చేతకాదు. కోపం మాత్రం వచ్చింది.

"అది బతికే ఉంది, లోపల గంజి తాగతంది. నీకు ఏడవాలనుంటే పట్నమెల్లి ఏడుద్దువు గాని. నెగు."

నక్కని కొట్టిన రోకలి పెరట్లో పడి ఉంది. పిచ్చినక్క నెత్తురు తగిలిన దానితో మళ్ళీ బియ్యం దంచలేను, పారేయాలి. పారేయడానికి నాకు మనసు రాక అలా వదిలాను. సండ్ర కర్ర, ఇనుములాంటిది. దాన్ని చూపించాను. ఆయన కళ్ళు తుడుచుకుని రంపం తీశాడు. నెత్తురు లేని కొస కోసి, గాడికి సరిపడా చెక్కాడు. నేను గాడిలో నూనె చుక్క లేకుండా బూడిదతో, చింతపండుతో, ఇసకతో చేతులు మండేదాకా తోమాను. మళ్ళీ పల్లంలో దిగి చూశాడు. ఈసారి ఆగింది. కానీ పొగ వచ్చింది, కాలిన వాసన వచ్చింది. చిన్న పల్లానికే దిమ్మ నల్లబడింది.

"ఘాట్ అంతా దిగితే మిగల్దు," అన్నాడు.

"మొద్దు కడదాం."

"ఏటి?"

"బళ్ళోల్లు కొండ దిగేటప్పుడు వెనకాల మొద్దు కట్టుకుంటారు కదేటి. అది ఈడ్సుకొస్తంటే బండి పరిగెత్తదు. మరీ పల్లమైతే మనిసి మొద్దు మీదెక్కి నిలబడతాడు. నన్ను కాపరానికి తెచ్చినప్పుడు మనం ఈ కొండ అలాగే ఎక్కి దిగినాం కదా."

"మోటారు సైకిలుకి మొద్దా?" ఏడ్చిన మొహంలోనే ఆయనకి రోషం వచ్చింది. "సూసినోల్లు నవ్వుతారే."

"నవ్వనీ. నవ్వినోల్ల పల్లు బాగుంటాయి."

మర్నాడు చుక్క ఉండగానే బయలుదేరాం. గుంటకి జ్వరం. బుట్టలో నా ఒడిలో పడుకోబెట్టుకుని, దారిలో ఎక్కడ ఊట కనిపించినా ఆపమని, దోసిట్లో నీళ్ళు పట్టి నోటి దగ్గర పెడుతున్నాను. తాగుతోంది. తాగిన ప్రతిసారీ బావ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. నేను తల ఊపుతున్నాను.

అనంతగిరి దాటి పల్లం మొదలయ్యేచోట గుగ్గిలం మొద్దు ఒకటి నరికి, పలుపుతాడుతో వెనక కట్టాడు. ఇంజనుని సన్నగా తిరగనిస్తూ, కాలు బ్రేకు మీద పెట్టి వదిలాడు. మొద్దు రాళ్ళ మీద దొర్లుతూ, దుమ్ము లేపుతూ వెనకాల వస్తోంది. మనిషి గబగబా నడిచేంత వేగం. మొదటి మలుపులు బాగానే దిగాం. తరవాత సండ్ర దిమ్మ పొగ మొదలైంది. ఆ తరవాత పొగ కూడా ఆగిపోయింది, పొగ రావడానికి అక్కడ కర్ర మిగల్లేదు. మొద్దు ఒక్కటే పట్టుకుని ఉంది. అదీ బెరడు ఊడి, నున్నబడి తేలికైపోతోంది. నడక కాస్తా పరుగైంది.

ఒక మలుపు తిరిగేసరికి దారికి అడ్డంగా వెదురుబొంగు. బొంగు వెనక ఆడవాళ్ళు చేతులు పట్టుకుని ఆడుతున్నారు, పాడుతున్నారు. ఇటుకల పండగకి ఆడవాళ్ళు దారి కట్టి, వచ్చేపోయేవాళ్ళ దగ్గర పైసో, అణానో పుచ్చుకుని వదులుతారు. అది వాళ్ళ హక్కు. గొట్టం బాగు చేయకపోయి ఉంటే మా మోత వాళ్ళకి ముందే వినిపించేది. ఇప్పుడు మోత లేదు. హారను రబ్బరు బుడ్డి ఎలకలు ఎప్పుడో తినేశాయి.

"తీయండే! కర్ర తీయండే!" అని బావ అరుస్తున్నాడు.

వాళ్ళు పాట ఆపకుండానే నవ్వుతున్నారు. అందరూ అలాగే అరుస్తారు కదా, పైస ఇవ్వకుండా పోవడానికి.

"పైస ఇయ్యి బావూ! మొద్దు కట్టుకోని మోటారెక్కినావు, పైస నేదేటి!"

గుంటని బుట్ట అడుగున పడుకోబెట్టాను. దాని చేతులు నా కొంగు పట్టుకున్నాయి. విడదీశాను. బుట్ట అంచు ఎక్కి, వెనక ఎగిరెగిరి పడుతున్న మొద్దు మీదికి దూకాను. నిలబడాలని దూకాను గానీ పడ్డాను. బోర్లాపడి మొద్దుని రెండు చేతులతో కావిలించుకున్నాను. రాళ్ళు నా మోచేతులు, మోకాళ్ళు చెక్కేశాయి. తాడు బిగిసింది. నా బరువుకి మొద్దు నేలలోకి దిగింది. బండి మూలిగింది, పక్కకి తిరిగింది, ఆగింది. తలెత్తి చూస్తే ముందు చక్రం వెదురుబొంగుకి ఆనుకుని ఉంది.

పాట ఆగిపోయింది. ఒకామె నన్ను లేపడానికి వచ్చి బుట్టలోకి చూసింది. గుంట బుగ్గ మీద కట్టు చూసింది.

"ఏటి కరిసింది?"

"పిచ్చినక్క," అన్నాను.

ఎవరూ పైస అడగలేదు. బొంగు ఎత్తేశారు. నలుగురు ఆడవాళ్ళు మా తాడు పట్టుకుని వెనక్కి లాగుతూ ఆ పల్లం చివరిదాకా మాతో నడిచారు. ఆ తరవాత దారి సమంగా ఉంది. తాడు వదిలేస్తూ ఆ మొదటామె నాతో అంది:

"ఏటకెల్లినోల్లు ఉత్త సేతుల్తో వత్తే పేడనీల్లు కొడతాం మేము. నువ్వు ఉత్త సేతుల్తో రాకు తల్లీ."

కోట చేరాం. అక్కడి నుంచి చదును దారి, పొద్దు గుంకక ముందే పట్నం. ఆస్పత్రిలో డాక్టరు గాయం చూసి, ఎన్నాళ్ళయింది అని అడిగాడు. బావ చెప్పాడు. ఆయన ముఖం ముడుచుకుంది. ఇంకా ముందు రావాల్సింది అన్నాడు. మేము ఇద్దరం ఆయన కాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాం. మన్ను గురించి, ఆముదం గురించి ఆయనకి ఏమని చెప్పాలి?

సూదులు మొదలుపెట్టారు. రోజూ పొడిచేవారు. గుంట పొట్ట గట్టిపడి, నల్లబడి, ముట్టుకుంటే అరిచేది. సూదులైపోయినా భయం అయిపోదట, ఇంకా కొన్ని వారాలు చూడాలట. ఆస్పత్రి దగ్గర సత్రంలో వరండా మూల ఉన్నాం. రోజూ లేవగానే నేను దానికి మొదట ఇచ్చేది చెంబుతో నీళ్ళు. ఇచ్చి దాని గొంతు వైపు చూసేదాన్ని. గుటక కిందికి దిగేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు. బావ అటు తిరిగి నిలబడేవాడు. చూడలేకపోయేవాడు.

ఒకరోజు చెంబు ఇస్తే గుంట దాన్ని నెట్టేసింది.

"నాకు నీల్లు వద్దు."

బావ అక్కడే కూలబడ్డాడు. నాకు చెవుల్లో మా ఊరాయన కేకలు వినిపించాయి. చెంబు మళ్ళీ నోటి దగ్గర పెట్టాను. మొహం తిప్పుకుంది. పెదాలు బిగించింది. నేను దాన్ని కొట్టాను. కరిచిన బుగ్గ కాదు, రెండో బుగ్గ మీద, గట్టిగా.

"ఎందుకొద్దే? సెప్పు! ఎందుకొద్దు?"

అది వెక్కుతూ, ముక్కు ఎగబీలుస్తూ అంది, "ఉప్పగున్నాయి. ఈ ఊరి నీల్లు ఉప్పగున్నాయి. మన ఊట నీల్లు కావాల."

సముద్రం పక్కన బావి అది. ఉప్పగానే ఉంటాయి. నేనూ తాగుతూనే ఉన్నాను, నాకు ఆ సంగతే తెలియలేదు.

"తాగు," అన్నాను.

"ఉప్పు..."

"ఉప్పే. తాగు."

ఏడుస్తూ చెంబు రెండు చేతులతో పట్టుకుంది. చెంబు ఖాళీ అయ్యేదాకా నేను చెయ్యి తీయలేదు.